ఇంట్లో సముద్రపు అక్వేరియం: సెలినిటీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా మెరైన్ ట్యాంకు (సముద్రపు జీవుల ట్యాంకు) పెట్టినవాళ్లు సెలినిటీ, అంటే నీళ్లలో ఉప్పు మోతాదు గురించి మొదటి కొన్ని నెలల్లో అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. ఒకరికి చెప్పిన జవాబే ఇంకొకరికి మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు, మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోండి.

## ట్యాంకు పెట్టక ముందు

సెలినిటీ ఎంత ఉంచాలి? ఒక్కొక్కళ్లు ఒక్కో అంకె చెప్తున్నారు

35 పీపీటీ. అంటే కిలో సముద్రపు నీళ్లలో 35 గ్రాముల లవణాలు. ప్రపంచ సముద్రాల సగటు దాదాపు ఇదే. స్పెసిఫిక్ గ్రావిటీలో (మంచినీళ్ల కంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె) చెప్తే 25 డిగ్రీల దగ్గర 1.0264, కండక్టివిటీలో (నీళ్లలో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తుందో చెప్పే అంకె) అయితే అదే ఉష్ణోగ్రత దగ్గర సెంటీమీటరుకి 53 మిల్లీసీమెన్స్. మూడూ ఒకే నీటిని మూడు లెక్కల్లో చెప్పడమే, కాబట్టి ఒకరు 35 అని, ఇంకొకరు 1.026 అని అంటే ఇద్దరూ ఒకే మాట చెప్తున్నట్టు. చేపలు మాత్రమే ఉన్న ట్యాంకుని ఉప్పు ఖర్చు తగ్గుతుందని కొందరు 1.020 నుంచి 1.023 మధ్య నడుపుతారు, చాలా చేపలు తట్టుకుంటాయి కూడా. కానీ రొయ్యలు, నత్తలు, ఎనిమోన్లు (పువ్వులా కనిపించే సముద్ర జీవులు), కోరల్స్ (పగడపు జీవులు) ఉంటే ఆ ఆలోచన వద్దు. 34 నుంచి 36 మధ్యే ఉంచండి.

సరిగ్గా 35 రావట్లేదు, 34 దగ్గరే ఉంటోంది. సరిచేయాలా?

అక్కర్లేదు. నెలల తరబడి 34 దగ్గర కదలకుండా ఉన్న ట్యాంకు, ఈరోజు 33, ఎల్లుండి 36 అంటూ ఊగే ట్యాంకు కంటే ఎంతో మేలు. జీవులు ఒక అంకెకి అలవాటు పడతాయి కానీ ఊగిసలాటకి అలవాటు పడవు. అంకె వెంట పడి రోజూ ఉప్పు వేస్తూ, నీళ్లు పోస్తూ ఉండేవాళ్ల ట్యాంకుల్లోనే ఎక్కువ నష్టం చూశాను.

ఉప్పు కొంచెం అటూ ఇటూ అయితే చేపకి ఏమవుతుంది అసలు?

సముద్రపు చేప ఒంట్లోని ద్రవాల్లో ఉప్పు, బయటి నీళ్లలో ఉన్నదానిలో దాదాపు మూడో వంతే. అందువల్ల దాని ఒంట్లోంచి నీరు మొప్పల గుండా, చర్మం గుండా ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది. ఆ లోటు తీర్చుకోవడానికి చేప ఉప్పునీళ్లే తాగి, అదనపు ఉప్పుని మొప్పల ద్వారా బయటికి పంపిస్తుంది. ఈ పనికి చాలా శక్తి కావాలి. సెలినిటీ పెరిగితే ఆ శ్రమ ఇంకా పెరుగుతుంది, తిండి మానేస్తుంది, జబ్బుని తట్టుకునే బలం తగ్గుతుంది. రొయ్యలు, నక్షత్ర చేపలు, కోరల్స్ పరిస్థితి ఇంకా కష్టం. వాటిలో చాలావాటి ఒంట్లో ఉప్పు బయటి నీళ్లతో దాదాపు సమానంగా ఉంటుంది, వేరుగా నిలబెట్టుకునే ఏర్పాటు లేదు, ఉన్నా తక్కువే. నీళ్లు మారితే కణాల మీద నేరుగా దెబ్బ పడుతుంది. తేడా వచ్చిన ట్యాంకులో ముందు నత్తలు, రొయ్యలు పోయి చేపలు బతికి ఉండడానికి కారణం ఇదే.

వైజాగ్‌లో ఉంటాం. బీచ్ నుంచి నీళ్లు తెచ్చుకుంటే సరిపోదా?

ఖర్చు లేదు కాబట్టి అందరికీ వచ్చే ఆలోచనే, కానీ మన వైపు సముద్రానికి ఒక ప్రత్యేకత ఉంది. గోదావరి, కృష్ణ, మహానది, గంగ, బ్రహ్మపుత్ర, ఇన్ని నదులు బంగాళాఖాతంలోనే కలుస్తాయి. అందుకే అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ పైనీళ్లలో ఉప్పు తక్కువ. వానలు తగ్గాక, అక్టోబర్, నవంబర్ ప్రాంతంలో, ఉత్తరం నుంచి తీరం వెంబడి కిందికి దిగే ప్రవాహం ఆ నదుల నీళ్లని మన కోస్తా దాకా తోసుకొస్తుంది. అప్పుడు విశాఖ తీరంలో సెలినిటీ 30 కంటే కిందికి పడిపోతుంది. ఎండాకాలంలో మళ్లీ 33, 34 దగ్గరికి వస్తుంది. అంటే మేలో తెచ్చిన నీళ్లూ నవంబర్‌లో తెచ్చిన నీళ్లూ ఒకటి కావు, తెచ్చిన ప్రతిసారీ కొలిచి సరిచేసుకోవాలి. దీనికి తోడు ఒడ్డు దగ్గర మురుగు కాలువలు, హార్బర్ నూనె ఉండనే ఉన్నాయి. తప్పదనుకుంటే పడవలో లోపలికి వెళ్లి తెచ్చిన నీళ్లే వాడండి, వడకట్టి, మూతపెట్టి చీకట్లో కొన్ని వారాలు ఉంచి, వాడే ముందు రోజు గాలి పట్టించండి. హైదరాబాద్ వాళ్లకయితే రవాణా ఖర్చు కలుపుకుంటే సింథటిక్ ఉప్పే నయం. ఇంకో మాట, బీచ్‌కి వెళ్లాం కదా అని కోరల్ రాళ్లు ఏరుకొచ్చుకోకండి. రాతి కోరల్స్ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, వాటిని తీసుకోవడం నేరం.

కల్లుప్పు కూడా సముద్రం నుంచే వస్తుంది కదా, అది కలిపితే ఎందుకు కుదరదు?

నౌపడా లాంటి చోట ఉప్పు మడుల్లో ఏం జరుగుతుందో చూస్తే అర్థమవుతుంది. నీళ్లు ఎండేకొద్దీ ముందు కాల్షియం కార్బొనేట్, తర్వాత జిప్సమ్ అడుగున దిగిపోతాయి. ఆ తర్వాతే మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం, పొటాషియం ఎక్కువగా మిగిలిన చేదు నీళ్లని వదిలేస్తారు. చివరికి చేతికొచ్చేది దాదాపుగా సోడియం క్లోరైడ్ ఒక్కటే. దాన్ని కలిపితే రిఫ్రాక్టోమీటర్‌లో (నీళ్లలో కాంతి ఎంత వంగుతుందో చూసి ఉప్పు చెప్పే పరికరం) 35 చూపిస్తుంది, కానీ కాల్షియం, మెగ్నీషియం, క్షారత (పీహెచ్‌ని నిలకడగా ఉంచే గుణం) లేని నీళ్లు అవి. వాటిలో ఏదీ ఎక్కువ కాలం బతకదు. మెరైన్ సాల్ట్ అని అమ్మేదే కొనండి.

## కొలవడం

హైడ్రోమీటరా, రిఫ్రాక్టోమీటరా, డిజిటల్ మీటరా? ఒక్కటే కొనాలంటే ఏది?

రిఫ్రాక్టోమీటర్. దానితోపాటు 35 పీపీటీ క్యాలిబ్రేషన్ ద్రావణం (పరికరం సరిగ్గా చూపిస్తోందో లేదో సరిచూసుకునే నీళ్లు) కూడా కొనాలి, అది లేకపోతే ఎంత మంచిదైనా సగం పరికరమే. నీటి సాంద్రతని కొలిచే హైడ్రోమీటర్లలో ముల్లు ఊగే ప్లాస్టిక్‌ది చవక, కానీ ఒకే కంపెనీవి రెండు కొంటే రెండూ వేర్వేరు చూపించడం మామూలే. పొడవాటి గాజు హైడ్రోమీటర్, ట్రోపిక్ మారిన్ వాళ్లది లాంటిది, చాలా నమ్మకమైనది, కాకపోతే పగిలిపోతుంది, కొలవడానికి పొడవాటి జాడీ కావాలి. డిజిటల్‌లో హానా సెలినిటీ టెస్టర్ కండక్టివిటీని కొలుస్తుంది, మిల్వాకీ డిజిటల్ రిఫ్రాక్టోమీటర్ కాంతి వంగడాన్ని కొలుస్తుంది. రెండూ బాగానే పనిచేస్తాయి. డబ్బు పెట్టగలిగితే కొనండి, కానీ వాటికీ క్యాలిబ్రేషన్ తప్పదు.

ఇంట్లో టీడీఎస్ పెన్ను ఉంది, దాంతో కొలవొచ్చా?

లేదు. నీళ్లలో కరిగిన లవణాలని కొలిచే ఈ మామూలు పెన్నులు దాదాపు 10 వేల పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు) దాకానే చూపిస్తాయి, సముద్రపు నీళ్లు 35 వేలు. పెన్నుని పారేయకండి, ఆర్‌వో నీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నాయో చూసుకోవడానికి అదే కావాలి.

భీమవరంలో రొయ్యల చెరువులకి వాడే రిఫ్రాక్టోమీటర్ పనికొస్తుందా?

పనికొస్తుంది. భీమవరం, నెల్లూరు వైపు ఆక్వా షాపుల్లో దొరికేవి ఎక్కువగా 0 నుంచి 100 పీపీటీ స్కేలు ఉన్నవే, మనకి కావలసింది అదే. చెరువుకి ఒకటి రెండు పీపీటీ తేడా పెద్ద లెక్క కాదు, ట్యాంకుకి లెక్కే, కాబట్టి క్యాలిబ్రేషన్ విషయంలో మాత్రం మీరు ఇంకాస్త పట్టుదలగా ఉండాలి. కొనేటప్పుడు స్కేలు చూసి కొనండి. అచ్చం అలాగే కనిపించే బ్రిక్స్ రిఫ్రాక్టోమీటర్ చక్కెర కొలవడానికి, కూలెంట్, బ్యాటరీ కొలిచేది మెకానిక్కులకి. ఆన్‌లైన్‌లో తొందరపడి కొన్నవాళ్లకి ఇవే వస్తుంటాయి.

మంచినీళ్లతో సున్నా పెట్టుకున్నాను, క్యాలిబ్రేషన్ అయిపోయినట్టే కదా?

కాదు, ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. సున్నా దగ్గర సరిగ్గా చూపించే పరికరం 35 దగ్గర రెండు మూడు పీపీటీ తప్పు చూపించవచ్చు. చవక రిఫ్రాక్టోమీటర్లు చాలావరకు ఉత్త ఉప్పునీళ్ల లెక్కతో తయారైనవి, సముద్రపు నీళ్ల లెక్కతో కాదు, రెండిట్లోనూ కాంతి ఒకేలా వంగదు. మనం వాడేది 35 దగ్గర కాబట్టి అక్కడే సరిచూసుకోవాలి.

కొన్న ద్రావణం అందుబాటులో లేకపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. 36.5 గ్రాముల మామూలు పొడి ఉప్పుని 963.5 గ్రాముల ఆర్‌వో నీళ్లలో కరిగించండి. ఈ ద్రావణం 35 పీపీటీ సముద్రపు నీళ్లలాగే కాంతిని వంచుతుంది. ఉప్పుని ముందు పెనం మీద కాస్త వేడిచేసి తేమ పోగొట్టండి, నీళ్లని కొలగ్లాసుతో కాకుండా తూకంతోనే తీసుకోండి. గ్రాములో పదో వంతు చూపించే తక్కెడ సరిపోతుంది. రెండు చుక్కలు అద్దం మీద వేసి గీత 35 మీదికి వచ్చేదాకా స్క్రూ తిప్పండి. ఇది రిఫ్రాక్టోమీటర్‌కి మాత్రమే, కండక్టివిటీ మీటర్‌కి ఈ కొలత సరిపోదు. మూత బిగుతుగా ఉన్న సీసాలో పెట్టుకోండి, తెరిచి ఉంటే నీరు ఆవిరై ద్రావణమే చిక్కబడుతుంది.

కొలిచిన ప్రతిసారీ వేరే అంకె వస్తోంది, ఎందుకు?

చాలాసార్లు తప్పు కొలిచే పద్ధతిలోనే ఉంటుంది. అద్దం తడిగా ఉండగా కొలిస్తే ఆ తడి కలిసి అంకె మారుతుంది. రెండు మూడు చుక్కలు వేసి, మూత కింద బుడగ లేకుండా మూసి, అర నిమిషం ఆగండి, అంతలో చుక్క అద్దం ఉష్ణోగ్రతకి వస్తుంది. కిటికీ వైపు తిప్పి నీలం, తెలుపు కలిసే గీత చూడండి. అయ్యాక ఆర్‌వో నీళ్లతో కడిగి మెత్తటి బట్టతో తుడవండి, ఉప్పు ఎండిపోతే తర్వాతి రీడింగ్ పాడవుతుంది. ఆటోమేటిక్ టెంపరేచర్ సర్దుబాటు ఉన్న మోడళ్లు సాధారణంగా 10 నుంచి 30 డిగ్రీల మధ్యే పనిచేస్తాయి. మే నెలలో ఏసీ లేని గదిలో పరికరమే 36 డిగ్రీలు ఉంటే ఆ సర్దుబాటు మీద ఆధారపడలేం. కొలిచే ముందు కాసేపు చల్లటి గదిలో ఉంచండి.

హైడ్రోమీటర్ ముల్లు ఒక్కసారిగా పైకి వెళ్లింది. సెలినిటీ నిజంగా పెరిగిందా?

ముందు ముల్లుకి అంటుకున్న గాలి బుడగలు చూడండి. అవి ముల్లుని పైకి లేపి ఎక్కువ చూపిస్తాయి. వేలితో తట్టి బుడగలు పోయాక మళ్లీ చదవండి. ముల్లు మీద ఉప్పు, సున్నం పేరుకుంటే ఉల్టా జరుగుతుంది, బరువెక్కి తక్కువ చూపిస్తుంది. వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి కడిగితే పోతుంది.

## ఉప్పునీళ్లు కలపడం

ఇంట్లో తాగే ఆర్‌వో ప్యూరిఫయర్ నీళ్లు వాడొచ్చా?

రెండు విషయాలు చూసుకున్నాకే. చాలా ప్యూరిఫయర్లలో రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది, అది శుద్ధి చేసిన నీళ్లలో కొంత మామూలు నీళ్లు మళ్లీ కలుపుతుంది. బోరు నీళ్లున్న ఇళ్లలో అందుకే బయటికొచ్చే నీళ్లు కూడా 100 పీపీఎం చూపిస్తాయి. రోజుకి 3 లీటర్ల చొప్పున అలాంటి నీళ్లు టాపప్ చేస్తే (ఆవిరైన లోటు నింపితే) ఏడాదికి 110 గ్రాముల దాకా అక్కర్లేని లవణాలు ట్యాంకులో చేరతాయి, వాటిలో నైట్రేట్, సిలికా ఉంటే నాచు పట్టుకుంటుంది.

రెండోది ఇంకా ముఖ్యం. ఈమధ్య కాపర్ కలిపే ప్యూరిఫయర్లు బాగా వస్తున్నాయి. మనకి మంచిదని కలిపే ఆ రాగి, రొయ్యలకీ నత్తలకీ కోరల్స్‌కీ విషం. చాలా తక్కువ మోతాదు కూడా చాలు. రాగి రాళ్లలోకి, సిలికాన్‌లోకి దిగితే మళ్లీ పూర్తిగా వదిలించడం కష్టం. మీ మెషీన్‌లో కాపర్ కాట్రిడ్జ్ ఉంటే ఆ నీళ్లు ట్యాంకుకి వద్దు. ట్యాంకు కోసమే విడిగా చిన్న ఆర్‌వో, దాని చివర డీఐ రెసిన్ (మిగిలిన లవణాలని పట్టేసే ఫిల్టర్) పెట్టుకోండి. నీళ్లు 0 నుంచి 5 పీపీఎం మధ్య రావాలి.

ఏసీ నుంచి వచ్చే నీళ్లు డిస్టిల్డ్ వాటరే కదా?

టీడీఎస్ తక్కువే చూపిస్తుంది, నిజమే. కానీ ఆ నీళ్లు రాగి, అల్యూమినియం కాయిల్ మీదుగా, దుమ్ము, బూజు మీదుగా కారతాయి. మొక్కలకి పోసుకోండి.

ఎంత నీళ్లకి ఎంత ఉప్పు?

బ్రాండుని బట్టి లీటరుకి 36 నుంచి 38 గ్రాములు పడుతుంది, ఎందుకంటే ప్యాకెట్ ఉప్పులో కొంత తేమ ఉంటుంది. 20 లీటర్ల బకెట్‌కి 740 గ్రాముల దగ్గర మొదలుపెట్టి, కరిగాక కొలిచి సరిచేసుకోండి. కప్పులతో కాకుండా తూచి వేయండి, గుల్లగా ఉన్న కప్పుకీ నొక్కి నింపిన కప్పుకీ చాలా తేడా ఉంటుంది.

ఉప్పు కలిపాక నీళ్లు తెల్లగా పాలలా అయ్యాయి, ఎందుకు?

బహుశా బకెట్‌లో ముందు ఉప్పు పోసి పైన నీళ్లు పోశారు. అలా చేస్తే అడుగున విపరీతంగా చిక్కటి ద్రావణం ఏర్పడి కాల్షియం, కార్బొనేట్ కలిసి తెల్లటి పొడిగా విడిపోతాయి, అవి మళ్లీ కరగవు. ఎప్పుడూ ముందు నీళ్లు, అందులో పవర్‌హెడ్ (నీళ్లని తిప్పే చిన్న పంపు) తిరుగుతుండగా కొద్దికొద్దిగా ఉప్పు. రాత్రి కలిపి పొద్దున వాడుకోండి. నీళ్లు ట్యాంకు ఉష్ణోగ్రతకి వచ్చాకే కొలవండి.

ఉప్పు గడ్డకట్టిపోయింది, పారేయాలా?

అందులోని మెగ్నీషియం, కాల్షియం క్లోరైడ్లు గాల్లో తేమ లాగేస్తాయి, కోస్తా ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. పగలగొట్టినప్పుడు పూర్తిగా కరిగితే వాడొచ్చు, బరువు మాత్రం నమ్మకుండా కొలిచి సరిచూసుకోండి. రాయిలా అయి, కరిగాక కూడా నీళ్లు తేటపడకపోతే వదిలేయండి.

## రోజువారీ

ట్యాంకులో నీళ్లు తగ్గాయి. ఉప్పునీళ్లు పోయాలా, మంచినీళ్లా?

ఆవిరైతే మంచినీళ్లే, అంటే శుద్ధమైన ఆర్‌వో నీళ్లు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పంతా ట్యాంకులోనే ఉండిపోతుంది. 35 ఉన్న 200 లీటర్ల ట్యాంకులో 10 లీటర్లు ఆవిరైతే సెలినిటీ 36.8 అవుతుంది. ఆ లోటుని ఉప్పునీళ్లతో నింపితే అక్కడే ఉండిపోయి, వారం వారం పెరుగుతూ పోతుంది. కారిపోవడం వల్లో, మీరు తోడేయడం వల్లో తగ్గితే మాత్రం ఉప్పునీళ్లు పోయాలి.

ఎండాకాలంలో రోజూ నీళ్లు బాగా తగ్గిపోతున్నాయి, నార్మలేనా?

నార్మలే. ట్యాంకు చల్లబడాలని పైన ఫ్యాన్లు పెడతాం, అవి చల్లబరిచేదే నీటిని ఆవిరి చేసి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే పొడిగాలికి ఇది ఇంకా ఎక్కువ, ఏసీ గదిలోనూ గాలి పొడిగానే ఉంటుంది. చిన్న ట్యాంకులున్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. 40 లీటర్ల ట్యాంకులో 2 లీటర్లు పోయినా 35 కాస్తా 36.8 అయిపోతుంది. గాజు మీద టేపుతో గీత పెట్టుకుని పొద్దునా సాయంత్రం ఆ గీత దాకా నింపండి, సంప్ (ట్యాంకు కింద పెట్టే ఫిల్టర్ తొట్టి) ఉంటే గీత అందులో రిటర్న్ పంపు (నీళ్లని తిరిగి ట్యాంకులోకి పంపేది) ఉన్న అరకి పెట్టాలి, నీళ్లు తగ్గేది అక్కడే. వారానికోసారి పెద్ద మొత్తంలో పోయడం కంటే ఇది చాలా మేలు.

ఆటో టాపప్ పెడితే ఇక కొలవక్కర్లేదా?

కొలవాలి. సెన్సర్ మీద నాచు పట్టినా, ఫ్లోట్ వాల్వ్‌లో నత్త ఇరుక్కున్నా పంపు ఆగకుండా పోస్తూనే ఉంటుంది. అందుకే టాపప్ డబ్బా చిన్నదే పెట్టండి. 200 లీటర్ల ట్యాంకులోకి 10 లీటర్ల డబ్బా మొత్తం ఖాళీ అయినా సెలినిటీ 33.3 దగ్గర ఆగుతుంది, ప్రాణాలు పోవు. డబ్బా లేకుండా ఆటో టాపప్‌ని నేరుగా ఆర్‌వో లైనుకి కలిపేవాళ్లున్నారు, నా మాట విని అలా చేయకండి. కొత్త ట్యాంకుని మొదటి నెల రోజూ కొలవండి, కుదురుకున్నాక వారానికి ఒకసారి, నీళ్లు మార్చే ముందూ తర్వాతా తప్పకుండా.

మంచినీళ్లతోనే టాపప్ చేస్తున్నా సెలినిటీ మెల్లగా తగ్గుతోంది, ఎలా?

ఉప్పు ఎక్కడో బయటికి పోతోంది. మొదట స్కిమ్మర్ (నురుగుతో మురికిని తీసే పరికరం) కప్పు చూడండి. చిక్కటి నల్లటి మురికికి బదులు పల్చటి టీ నీళ్ల లాంటిది నిండుతోందంటే, మీరు పారబోసే ప్రతి లీటరుతో 35 గ్రాముల ఉప్పు పోతోంది, దాని చోటుని టాపప్ మంచినీళ్లతో నింపుతోంది. రోజుకో లీటరు చొప్పున పది రోజులు ఇలా జరిగితే 200 లీటర్ల ట్యాంకు 33.3కి దిగుతుంది. తర్వాత పైపు జాయింట్ల దగ్గర చెమ్మ, మూత చుట్టూ పేరుకునే తెల్లటి ఉప్పు చూడండి. ఆ ఉప్పుని గీరి ట్యాంకులో పడేయకండి, తడిబట్టతో తుడిచేయండి, ముఖ్యంగా ప్లగ్గుల దగ్గర.

## తేడా వచ్చినప్పుడు

సెలినిటీ 38 అయింది, ఎలా తగ్గించాలి?

ముందు పరికరాన్ని 35 ద్రావణంతో సరిచూడండి. నిజంగానే 38 అయితే, తీయాల్సిన నీళ్ల లెక్క ఇది: ఉన్నదానికీ కావలసినదానికీ తేడాని ఉన్నదానితో భాగించి ట్యాంకు లీటర్లతో గుణించండి. 200 లీటర్ల ట్యాంకుకి 3ని 38తో భాగించి 200తో గుణిస్తే దాదాపు 16 లీటర్లు. అన్ని లీటర్ల ఉప్పునీళ్లు తీసి అంతే ఆర్‌వో నీళ్లు పోయాలి, మూడు రోజుల్లో విడతలుగా. రోజుకి 1 పీపీటీ కంటే ఎక్కువ మార్చకపోవడం మంచిది.

31కి పడిపోయింది. నేరుగా ఉప్పు వేయొచ్చా?

ట్యాంకులో పొడి ఉప్పు ఎప్పుడూ వేయకండి. కరగని గింజలు కోరల్ మీద పడితే కాలుతుంది, చేపలు తిండి అనుకుని మింగుతాయి. తేలికైన దారి ఏంటంటే కొన్ని రోజులు ఆవిరైన నీళ్ల స్థానంలో 35 పీపీటీ ఉప్పునీళ్లు పోయడం, రోజూ కొలుస్తూ. తగ్గించడం కంటే పెంచడాన్ని చేపలు కష్టంగా తట్టుకుంటాయి కాబట్టి తొందర అస్సలు వద్దు.

## కొత్త చేపలు, జబ్బులు

షాపు నుంచి తెచ్చిన చేప రెండు రోజుల్లో చనిపోయింది. సెలినిటీ తేడా వల్లేనా?

అయి ఉండొచ్చు. ఉప్పు ఖర్చు తగ్గుతుందని, పరాన్నజీవులు అదుపులో ఉంటాయని చాలా షాపుల్లో 1.018, 1.020 దగ్గర ఉంచుతారు. అక్కడి నుంచి నేరుగా 1.026లోకి వేస్తే పెద్ద దెబ్బే. కవర్ నీళ్లు కొలవండి. క్వారంటైన్ ట్యాంకుని (కొత్త చేపని విడిగా ఉంచే ట్యాంకు) ముందే ఆ అంకెకి తెచ్చి చేపని అందులో వేసి, తర్వాత రోజులు పట్టినా నెమ్మదిగా పెంచడం అన్నిటికంటే మంచి పద్ధతి. దూరం నుంచి పార్సిల్‌లో వచ్చిన చేపని గంటల తరబడి డ్రిప్ (ట్యాంకు నీళ్లని చుక్కచుక్కగా కలపడం) పెట్టకండి. కవర్ తెరవగానే లోపలి కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, పేరుకున్న అమోనియా అప్పుడు మరింత విషమవుతుంది. రొయ్యలు, నక్షత్ర చేపలకి మాత్రం నిదానమైన డ్రిప్ కావాలి.

తెల్ల మచ్చల జబ్బుకి సెలినిటీ తగ్గిస్తే పోతుందంటున్నారు, నిజమేనా?

సముద్రపు చేపల్లో తెల్ల మచ్చలు తెచ్చే క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవికి ఈ వైద్యం ఉంది, కానీ మెయిన్ ట్యాంకులో చేసేది కాదు. రాళ్లు, నత్తలు, రొయ్యలు ఏవీ లేని విడి ట్యాంకులో, రెండు రోజుల్లో మెల్లగా 1.009కి, అంటే సుమారు 12 పీపీటీకి దించి, చివరి మచ్చ మాయమయ్యాక కనీసం నాలుగు వారాలు అక్కడే నిలపాలి. 1.011కి పెరిగినా పరాన్నజీవి బతికిపోవచ్చు, ఇంకా కిందికి పోతే చేపకే ప్రమాదం. సరిచూసిన రిఫ్రాక్టోమీటర్ లేకుండా మొదలుపెట్టకండి. ఆ నీళ్లలో పీహెచ్ పడిపోతుంది, ఫిల్టర్ బ్యాక్టీరియా కూడా బలహీనపడొచ్చు, రోజూ అమోనియా చూడండి. కొన్ని రకాల క్రిప్టోకారియాన్ తక్కువ ఉప్పుని తట్టుకుంటుంది, వాటి మీద ఇది పనిచేయదు. మచ్చలు పిండి చల్లినట్టు సన్నగా ఉండి చేప వేగంగా ఊపిరి తీస్తుంటే అది వెల్వెట్ అనే మరో పరాన్నజీవి జబ్బు అయి ఉండొచ్చు. దానికి ఈ పద్ధతి అసలు పనిచేయదు, ఒక్క రోజు ఆలస్యం కూడా ప్రాణం మీదికి వస్తుంది, వెంటనే మందులకి వెళ్లండి. అయ్యాక సెలినిటీని తిరిగి 35కి పెంచేటప్పుడు కనీసం వారం పదిరోజులు తీసుకోండి.